నాన్న కెమెరాలో 19 దగ్గర ఆగిన రీలు

ఈ వారం ఉత్తరం హైదరాబాదులో టీచరుగా పనిచేస్తున్న 48 ఏళ్ళ పాఠకురాలిది. ఆరు పేజీలు రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లాలో, దివిసీమకు దగ్గర్లోని ఒక చిన్న టౌనులో 1972 నుంచి 2011 దాకా ఫోటో స్టూడియో నడిపారు. పోయిన వైశాఖంలో కాలం చేశారు. స్టూడియో గది సొంతమే. అన్నయ్య దాన్ని మొబైల్ షాపుకి అద్దెకిస్తానని మాటిచ్చారు. సంక్రాంతి లోపు ఖాళీ చేయాలి. లోపల ఒక నికాన్ ఎఫ్ఎం2, ఒక యాషికామ్యాట్ 124జి, ఒక ఆగ్ఫా క్లిక్ 3, నాలుగైదు ప్లాస్టిక్ కెమెరాలు, రెండు ఫ్లాష్‌లు, నెగటివ్ నుంచి పెద్ద ఫోటో వేసే ఎన్‌లార్జర్ ఒకటి ఉన్నాయి. చెప్పుల డబ్బాల్లో, బిస్కెట్ డబ్బాల్లో సర్దిన నెగటివ్‌లు నలభై డబ్బాల దాకా ఉన్నాయి. వాటి పక్కన నాన్నగారు నంబర్లు వేసి రాసుకున్న రిజిస్టర్లు.

కెమెరాలన్నీ కోఠిలో ఒక దుకాణంలో చూపిస్తే మొత్తానికి పదకొండు వేలన్నారట. ఊళ్ళో పాత సామాన్లు కొనే అతను నెగటివ్‌లను కిలోల లెక్కన తీసుకుంటానన్నాడట. "అమ్మేసి ఆ డబ్బు అమ్మ చేతిలో పెడదాం, ఆ తుప్పు సామాను ఏం చేసుకుంటావు?" అని అన్నయ్య. "ఆడపిల్లకి కెమెరాలెందుకు?" అని వదిన. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న ఈవిడ కూతురేమో తాతయ్య నికాన్ తనకే కావాలంటోంది. అమ్మగారు "మీరిద్దరూ ఏదనుకుంటే అదే" అని లోపలికి వెళ్ళిపోతున్నారు.

ఆ నికాన్‌ని 1988లో అమ్మగారి రెండు పేటల గొలుసు కుదువపెట్టి కొన్నారు. గొలుసు మళ్ళీ ఇంటికి రాలేదు. చివరి పేజీలో ఇలా రాశారు: "2006 దసరాకి నాన్నకి డిజిటల్ కెమెరా కొనిచ్చింది నేనే. మొన్న ఎఫ్ఎం2 చూస్తే లోపల రీలుంది, నంబరు 19 దగ్గర ఆగి ఉంది. కోఠి నుంచి తెచ్చాక మళ్ళీ చూశాను, అక్కడే ఉంది. ఆ రీలు నేనే ఆపేశాననిపిస్తోంది. ఇవి అమ్మితే తప్పా? ఉంచుకుంటే పిచ్చా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నిటికంటే ముందు ఒక పని చెబుతాను. ఆ నికాన్ వెనక తలుపు ఎవ్వరూ తెరవకుండా చూసుకోండి. అన్నయ్యకీ, అమ్మాయికీ ఈ రోజే చెప్పండి. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

పదకొండు వేలన్న మాట మీకు నాన్నని తక్కువ చేసినట్టు తగిలింది. ఆ దుకాణదారు లెక్క వేరు. పాత కెమెరా కొనేవాడికి ఫిల్ము మీదికి వెలుతురు వదిలే షట్టర్ లోపల ఎలా ఉందో, లెన్సులో బూజు ఎంత పాకిందో తెలియదు. రిపేరు తెలిసిన మెకానిక్కులు తగ్గిపోయారు, విడి భాగాలు కావాలంటే ఇంకో చచ్చిన కెమెరా విప్పాల్సిందే. అందుకని లాట్ మొత్తానికి కలిపి, తను నష్టపోని ధర చెబుతాడు. మీరిచ్చిన జాబితాలో అతనికి డబ్బు తెచ్చేవి రెండే: నికాన్, యాషికా. రెండూ స్ప్రింగులతో, పళ్ళ చక్రాలతో నడిచే యంత్రాలు. ఎఫ్ఎం2లో వేసే రెండు బటన్ సెల్స్ వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే. అవి అయిపోయినా సెకనులో నాలుగు వేలవ వంతు దాకా షట్టర్ పనిచేస్తుంది. అందుకే బాగున్నదైతే ఒక్క ఎఫ్ఎం2కే ఐదంకెల ధర పలుకుతోంది, చక్కగా ఉన్న యాషికామ్యాట్ కూడా అంతే. తొంభైల నాటి ప్లాస్టిక్ కెమెరాల ప్రాణం సర్క్యూట్లో ఉంటుంది. అది పోతే బాగుచేసే దారి లేదు, కాబట్టి వాటికి ధరా లేదు. బరోడాలో తయారైన క్లిక్ 3 ఒకప్పుడు మన దేశంలో ఎన్నో ఇళ్ళలో ఉన్న కెమెరా. అభిమానం బోలెడు, ధర కొంచెం.

అన్నయ్య మనసులో గొలుసు లెక్క కూడా ఉన్నట్టుంది. 1988లో పది గ్రాముల బంగారం మూడు వేల పైచిలుకు. గొలుసు ఉంచుకుని ఉంటే ఈ రోజు లక్షల్లో ఉండేదని ఎవరైనా అనగలరు. కానీ ఆ కెమెరా బీరువాలో కూర్చోలేదు కదా. దాదాపు ఇరవై ఏళ్ళ పాటు పెళ్ళిళ్ళకీ, ఓణీ ఫంక్షన్లకీ వెళ్ళింది. మీ బీఎడ్ ఫీజు పెళ్ళిళ్ళ సీజనులో కట్టారని మీరే రాశారు. గొలుసు ఆ రకంగా ఎప్పుడో ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు సంతలో పలికే ధరని ఆ గొలుసు పక్కన పెట్టి చూడకండి, అన్నయ్యనీ చూడనివ్వకండి.

ఇక డిజిటల్ కెమెరా సంగతి. మీరు 2006 దసరాకి కొనిచ్చారు. ఆ ఏడాది జనవరిలోనే నికాన్ కంపెనీ రెండు మోడళ్ళు తప్ప తన ఫిల్మ్ కెమెరాలన్నీ ఆపేస్తున్నానని ప్రకటించింది. అదే నెలలో కోనికా మినోల్టా కెమెరాలూ ఫిల్మూ రెండిటి నుంచీ తప్పుకుంటున్నానంది. మన ఊళ్ళలో సెంటరుకొకటి చొప్పున ఉండిన కోనికా కలర్ ల్యాబ్ బోర్డులు గుర్తున్నాయా? యాషికా కెమెరాలు తయారుచేస్తున్న క్యోసెరా అంతకు ముందు సంవత్సరమే చేతులెత్తేసింది. మొట్టమొదటి డిజిటల్ కెమెరాని 1975లో తయారుచేసింది కొడాక్ ఇంజినీరే. ఆ కొడాకే 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. 'ఇందు' పేరుతో ఫోటో ఫిల్ము తయారుచేసిన ఊటీ ఫ్యాక్టరీ మన ప్రభుత్వానిది, అదీ మూతపడింది. ఇన్ని కంపెనీలు నిలబడలేని చోట ఒక కూతురు తెచ్చిన కానుక ఒక స్టూడియోని ఆపేయడమేమిటి? దాన్ని పట్టుకుని నాన్నగారు ఇంకో ఐదేళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు తీశారు, స్టూడియో షట్టరు దించాలనిపించిన రోజున తనే దించారు. ఆ ఐదేళ్ళలో మీ చెయ్యి కూడా ఉంది.

19 దగ్గర ఆగడం బాధగానే ఉంటుంది. అది నేను కాదనను. అది మీ తప్పు కాదని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న. విల్లు రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో అమ్మకీ, అన్నయ్యకీ, మీకూ సమాన వాటా. చట్టం కొడుకుని, కూతుర్ని వేరుగా చూడదు. వదిన మాటకి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు, గొడవ అంతకన్నా వద్దు. నాకు ఎక్కువ కనిపిస్తున్నది అమ్మగారి మౌనం. కెమెరాకి వెళ్ళిన గొలుసు ఆవిడది. అందరూ ఆవిడ పేరు చెప్పి మాట్లాడుతున్నారు, ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. "ఏం చేయమంటావు?" అని అడిగితే "మీ ఇష్టం" అంటారు, ఆ తరం అంతే. కెమెరా ఆవిడ చేతిలో పెట్టి, "దీంతో నాన్న నిన్ను తీసిన మొదటి ఫోటో ఏది?" అని అడిగి చూడండి. మాట అక్కణ్ణుంచి కదులుతుంది.

దారులు కొన్ని ఉన్నాయి. అన్నీ కలిపి కోఠిలోనే ఇచ్చేస్తే రెండు రోజుల్లో పని అయిపోతుంది, అన్నయ్య టెన్షన్ తగ్గుతుంది. కానీ ఆ లాట్లో అసలు విలువ ఉన్న రెండిటికీ సగం కూడా రాదు. రేపు మీ అమ్మాయి అలాంటిదే కొనాలనుకుంటే రెండింతలు పెట్టాలి. నిజంగా డబ్బు అవసరమైతే తప్ప నేనీ దారి చెప్పను. అమ్మగారి వైద్యానికో, ఇంటి అప్పుకో అయితే మాత్రం సంకోచించకండి, నాన్నగారు ఏమీ అనుకోరు.

విడివిడిగా అమ్మడం రెండో దారి. దీనికి నెలలు పడుతుంది. ముందు ఎవరికి వారే పరీక్ష చేసుకోవచ్చు. యాషికాలో రీలు లేదని రూఢి చేసుకున్నాక వెనక తలుపు తెరిచి కిటికీ వైపు పట్టుకుని, ఒక్కో స్పీడు మీద షట్టర్ కొట్టి చూడండి. నెమ్మది స్పీడుల్లో ఇరుక్కుంటే సర్వీసింగు కావాలి. ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అదే బూజు. తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి వేలికి బంకలా అంటితే దాన్ని మార్పించాలి, పెద్ద ఖర్చు కాదు. ఆ యాషికా మీటరు పాదరసం బ్యాటరీకి తగ్గట్టు చేసింది, ఆ బ్యాటరీలు ఇప్పుడు నిషేధం. అందుకని మీటరు తప్పు చూపినా కెమెరా పాడైందనుకోకండి. లోపాలు దాచకుండా చెప్పి అమ్మితే ధర కొంచెం తగ్గినా తర్వాత ఫోన్లు రావు.

నికాన్‌ని మీ అమ్మాయికివ్వడం మూడోది. ఆ పిల్ల కోరికని తాతయ్య మీద బెంగ అనో, కాలేజీ ఫ్యాషన్ అనో కొట్టిపారేయకండి. ఫిల్మ్ మీద మోజు మళ్ళీ వచ్చిన మాట నిజం. లైకా కంపెనీ తన పాత ఫిల్మ్ కెమెరా ఎం6ని 2022లో మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టింది, పెంటాక్స్ 2024లో సరికొత్త ఫిల్మ్ కెమెరా విడుదల చేసింది. ఫోనులో వందలు తీసి ఒక్కటీ చూడని పిల్లలకి, 36 మాత్రమే ఉన్నాయన్న లెక్కా, కడిగించేదాకా ఏం వచ్చిందో తెలియకపోవడమూ కొత్త రుచి.

మీకది కొత్త కాదు. ఎర్ర బల్బు వెలుగులో స్టూలు మీద నిలబడి నాన్నకోసం సెకన్లు లెక్కపెట్టేదాన్నని రాశారు. ట్రేలో తెల్ల కాగితం మీద ముందు జుట్టూ కనుబొమ్మలూ నల్లగా తేలి, తర్వాత మెల్లగా ముఖం వచ్చేదని, కళ్ళు స్పష్టంగా వచ్చేసరికి "తియ్" అని మీరే అరిచేవారని రాశారు. ఆ పేజీ చదువుతుంటే ఫోటోలు కడిగే హైపో మందు వాసన వచ్చింది నాకు. ఆ పని చూసిన మనిషి మీ ఇంట్లో మీరొక్కరే మిగిలారు. అమ్మాయికి కెమెరాతో పాటు ఆ చీకటిగది సంగతులు కూడా చెప్పండి.

కాకపోతే ఖర్చు తెలిసి ఇవ్వండి. కలర్ రీలు వెయ్యి రూపాయలకి అటూ ఇటూ, కడిగి స్కాన్ చేయడానికి మరికొన్ని వందలు. ఒక్కో ఫోటో ముప్పై నలభై రూపాయలు పడుతుంది. రెండు నెలలకో రీలని ఒప్పందం పెట్టుకోండి. అన్నయ్య వాటా మాటేమిటంటారా? ధర కట్టించి, ఆయన భాగం ఆయనకి, అమ్మ భాగం అమ్మకి ఇచ్చేయండి. "నాన్న గుర్తు" అని ఉచితంగా తీసుకుంటే పదేళ్ళ తర్వాత కూడా ఆ మాట వస్తుంది. డబ్బిచ్చి తీసుకుంటే రాదు.

ఎవరూ వాడకుండా షోకేసులో పెట్టడం నాలుగో దారి. చూడ్డానికి గౌరవంగా ఉంటుంది గానీ కెమెరాకి అంతకన్నా కీడు లేదు. వాడని షట్టరులో నూనె బిగుసుకుంటుంది. కోస్తా తేమలో, పైగా ఆ తోలు కేసులో బిగించి పెడితే రెండు వర్షాకాలాల్లో లెన్సుకి బూజు ఖాయం. అలాగే పెట్టుకుంటామంటే కేసు తీసేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, నెలకోసారి బయటికి తీసి పది సార్లు షట్టర్ కొట్టండి. ఎన్‌లార్జర్‌ని కొనేవాళ్ళు దొరకడం కష్టం. ఫోటోగ్రఫీ నేర్పే కాలేజీలని అడగండి, హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఆ కోర్సు ఉంది.

కెమెరాల గురించి ఇంత మాట్లాడానా, అసలు నా గుండె ఆగింది మీరు నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన చోట. "తుఫాను తర్వాత నాన్న డబ్బు తీసుకోకుండా చాలా ఫోటోలు కడిగిచ్చారని అమ్మ అంటుంది, ఆ డబ్బా మీద 77 అని ఉంది."

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఇళ్ళకి ఇళ్ళు కొట్టుకుపోయినప్పుడు గోడ మీది ఫోటోలు మిగులుతాయా? పోయినవాళ్ళ ముఖం మళ్ళీ చూసుకోవడానికి బతికినవాళ్ళకి దొరికింది, ఎప్పుడో మీ నాన్న స్టూడియోలో తీయించుకున్న కార్డు సైజు ఫోటో నెగటివే. ఆ డబ్బాలో ఉన్నది అదే. దాన్నిప్పుడు పాత సామాన్లతను కిలోల లెక్కన అడుగుతున్నాడు.

ఎందుకో తెలుసా? బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో నల్లగా కనిపించేదంతా వెండి. పాత ఎక్స్‌రే ఫిల్ములూ, వాడేసిన హైపో నీళ్ళూ కొనేవాళ్ళు వచ్చేది దానికోసమే. ఫిల్ములోంచి వెండి తీస్తే బొమ్మ పోతుంది. కలర్ నెగటివ్‌లో ఆ వెండి కడిగేటప్పుడే పోతుంది కాబట్టి వాటికి అతనేమీ ఇవ్వడు, చెత్తలో పారేస్తాడు. కెమెరా అమ్మితే అలాంటిది ఇంకొకటి ఎక్కడో దొరుకుతుంది. ఆ డబ్బా పోతే ఆ ముఖాలకి ఇంకో చోటు లేదు. మీరు ఎవరి దగ్గర ఏది వదులుకున్నా, ఇది మాత్రం వదులుకోవద్దని నా మనవి. ఈ ఒక్క విషయంలో నేను దారులు చూపించడం లేదు, అడుగుతున్నాను.

హైదరాబాదు నిజాం దగ్గర ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఈనాడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయంటే, వాళ్ళింటివాళ్ళు 1989లో అప్పగించేదాకా ఎనభై ఏళ్ళకి పైగా దాచబట్టే. ఆ ఇంట్లోనూ ఎవరో ఒకరు "ఈ గాజు పలకలు అడ్డం" అనే ఉంటారు.

నలభై డబ్బాలూ మీరు కాపాడలేరు. ఉద్యోగం చేసుకుంటూ అది అయ్యే పని కాదు, కాబట్టి ఎంచుకోండి. 77 డబ్బా మొదట. తర్వాత తిరునాళ్ళు, బజార్లు, బడి గ్రూపు ఫోటోలు, ఊరి మొత్తానికి చెందినవి. పెళ్ళి నెగటివ్‌లు రిజిస్టరులో పేర్లు చూసి ఆయా కుటుంబాలకే ఇచ్చేయొచ్చు. పాస్‌పోర్టు ఫోటోలు ఆఖరికి. మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము కుళ్ళడం మొదలైందని అర్థం. అలాంటివి వేరే గదిలో పెట్టి, వాటినే ముందు స్కాన్ చేయించండి. మిగతావి ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలోకి మార్చండి, అంచులే పట్టుకోండి. రేకుల కింద అటక మీద పెట్టొద్దు, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో ఉంచండి. రిజిస్టర్లు ఒక్కటి కూడా పారేయకండి. నంబరు లేని నెగటివ్ ఎవరిదో చెప్పడానికి నాన్నగారు లేరు.

ఒక జాగ్రత్త. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మన చట్టంలో హక్కు మామూలుగా తీయించుకున్నవాళ్ళది. పైగా అందులో పోయినవాళ్ళున్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు ఆ ఇంటివాళ్ళని అడగండి. ఊరికి వెళ్ళి చూపిస్తే ఎవరైనా కాదంటారని నేననుకోను.

అన్నయ్యతో ఎలా మాట్లాడాలో కూడా అడిగారు. ఆయనకి గది ఖాళీ కావాలి, అంతే. ఆయన్ని విలువ తెలియనివాడని అనకండి. చివరి రెండేళ్ళూ నాన్నని ఆసుపత్రులకి తిప్పింది ఆయనే అని మీరే రాశారు. ఆ సామాన్లు చూస్తుంటే మీకు ఎర్ర బల్బు గుర్తొస్తోంది, ఆయనకి మందుల సంచి గుర్తొస్తోందేమో. "డిసెంబరు ఆఖరుకి గది ఖాళీ చేసే పూచీ నాది" అని తారీఖుతో సహా చెప్పండి. 77 డబ్బా మాత్రం ఆయన చేత కూడా ఒకసారి తెరిపించండి.

ఇక ఆ రీలు. ఎఫ్ఎం2లో వెనక తలుపు తీస్తే ఫోటోల నంబరు మొదటికి వెళ్ళిపోతుంది. కోఠి నుంచి వచ్చాక కూడా 19 దగ్గరే ఉందంటే అక్కడ ఎవరూ తెరవలేదు. అంటే లోపలివి ఇంకా వెలుతురు చూడలేదు. మిగిలిన పదిహేడూ అమ్మాయి చేత తీయించి రీలు పూర్తిచేయాలని మీకు అనిపించవచ్చు. వద్దనే అంటాను. ఇన్నేళ్ళు చుట్టుకుని ఉన్న ఫిల్ము పెళుసుబారి ఉంటుంది, ముందుకి లాగుతుంటే తెగే ప్రమాదముంది. అమ్మాయికి కొత్త రీలు కొనివ్వండి.

కెమెరా అడుగున చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కండి. పైన ఎడమవైపు చిన్న మడత పిడి లేపి, బాణం గుర్తు వైపు నెమ్మదిగా, బలం పెట్టకుండా తిప్పండి. కాసేపటికి చేతికి ఒక్కసారిగా వదులు తెలుస్తుంది. అప్పటిదాకా ఆపొద్దు. చీకటి గదిలో, అమ్మ పక్కన కూర్చుని చేయండి. తర్వాత తలుపు తీసి రీలు మీద ఏం రాసుందో చూడండి. కలర్ రీలైతే మామూలు కలర్ ల్యాబుకి, 2006 నాటిదని చెప్పి మరీ ఇవ్వండి. రంగులు వెలిసి, మసకగా రావచ్చు. కొన్ని అసలు రాకపోవచ్చు, దానికి సిద్ధపడి ఉండండి. ఇప్పుడు కొన్ని ల్యాబులు స్కాన్లు ఫోనుకి పంపి ఊరుకుంటాయి, నెగటివ్ కూడా తిరిగివ్వాలని ముందే అడగండి. అది వచ్చాక కాగితం కవరులో వేసి, నాన్నగారి చివరి రిజిస్టరు తెరిచి, ఆయన రాసిన ఆఖరి నంబరు కింద తర్వాతి నంబరు మీ చేత్తో రాయండి.